పచ్చిమామిడి బీరుకు నాలుగో ర్యాంకు

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అనుమతి ఇచ్చిందన్న మెసేజ్ వచ్చేసరికి నేను పెనం ముందు నిలబడి అట్టు తిరగేస్తున్నాను. ఆనందంలో అట్టును వదిలేసి సాకేత్‌ను పట్టుకుని గిర్రున తిప్పాను. మాకు పెళ్లయి ఇంకా రెండు నెలలు కాలేదు. మా ఇంట్లో మాడిన అట్టును కూడా ఇద్దరం పోటీపడి తింటాం.

"ఒప్పుకున్నారా?" అన్నాడు సాకేత్, నా చేతిలోని అట్లకాడకు దూరంగా తల వంచుతూ.

"ఒప్పుకున్నారు. సంతకం ఉంది, సీలు ఉంది. కింద 'విజయోస్తు' అని కూడా రాశారు."

"బీరు తాగడానికి విజయోస్తు ఏంటి?"

ఆ ప్రశ్న దగ్గరే మేం కాసేపు ఆగి ఆలోచించి ఉండాల్సింది. కానీ కొత్తగా పెళ్లయినవాళ్లకు ఆగి ఆలోచించే అలవాటు ఉండదు.

సాకేత్ చేసే పని బీరు తయారీ. మా అమ్మ బంధువులకు 'ఫుడ్ టెక్నాలజీ' అని చెబుతుంది, అది అబద్ధమూ కాదు. ఊరి చివర జయరాజ్ అన్న నడిపే చిన్న బ్రూవరీలో తను ఋతువుకో బీరు చేస్తాడు. వానాకాలానికి అల్లం, దసరాకు బెల్లం, చలికాలానికి కాఫీ. ఈ వేసవికి తనకో కొత్త ఆలోచన వచ్చింది. పచ్చిమామిడి, పైన కొంచెం ఉప్పు. స్కూలు గేటు ముందు కాగితంలో చుట్టి ఇచ్చే మామిడి ముక్కల రుచిని గ్లాసులోకి తేవాలని పెళ్లిపనుల మధ్య కూడా కాయలు తరుగుతూ కూర్చున్నాడు. మొదటిసారి నాకు రుచి చూపించినప్పుడు నేను కళ్లు మూసుకుని "ఇంకొంచెం" అన్నాను. ఇంతవరకూ మా మధ్య నడిచిన ప్రేమ సంభాషణల్లో అంత గొప్పది మరొకటి లేదు.

జయరాజ్ అన్న మాత్రం నా మాటను లెక్కలోకి తీసుకోలేదు.

"కొత్త పెండ్లాం మంచిగుందనే అంటది తమ్మీ, అనకపోతే గదా విచిత్రం. నా దగ్గర ఖాళీగున్నది ఒక్కటే ట్యాంకు. పాత మూడిట్ల ఏదన్న ఒకటి మళ్ల చేయాల్నా, నీ మామిడి చేయాల్నా? ఒక పని చెయ్. పేర్లు చెప్పకుండ నాలుగూ మీ దోస్తులకు తాపియ్యి. వాళ్లు దేన్ని మెచ్చుకుంటే ఈ ఎండకాలం అదే. ఆదివారం సాయంత్రం నేనే వస్త, ఏమన్నరో చెప్పు."

ఆరోజు నుంచి సాకేత్ నిద్రలో కూడా ఉప్పు గురించి కలవరిస్తున్నాడు.

చిక్కల్లా మా అపార్ట్‌మెంట్‌తోనే. ఎవరింట్లోనైనా సరే, నలుగురు చేరి మందు తాగే వేడుకలు చేయకూడదని అసోసియేషన్ తీర్మానం ఉంది. అందుకే నేను సెక్రటరీ కోదండపాణి గారిని కలవడానికి వెళ్లాను. ఆయన జూనియర్ కాలేజీల్లో పరీక్షల చీఫ్ సూపరింటెండెంట్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ లిఫ్ట్‌లో పక్కన నిలబడ్డవాళ్ల జేబుల వైపే చూస్తారు.

"వేడుకలకు అనుమతి లేదమ్మా," అన్నారు నేను కూర్చోకముందే.

"వేడుక కాదండీ. సీసాలకు కాగితం చుట్టేస్తాం. ఏది ఏదో తాగేవాళ్లకు తెలియదు. వాటి మీద నంబర్లు మాత్రమే ఉంటాయి. రుచి చూసి మార్కులు వేస్తారు. అంతే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పేరు కనిపించకుండా కోడ్ నంబరు. ఆ తర్వాత మార్కులు." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "జీవితమంతా నేను చేసింది అదే కదమ్మా. దీన్ని పార్టీ అన్నవాడెవడు? ఇది పరీక్ష. పరీక్షకు అడ్డం చెప్పే తీర్మానం ఈ దేశంలో ఏ అసోసియేషనూ చేయలేదు."

నేను సంతోషంగా తల ఊపాను. అలా వచ్చింది అనుమతి.

అనుమతి వెనకాలే మార్గదర్శకాలు వచ్చాయి. మొదటిది చదవగానే నా ముఖం చిన్నబోయింది. మా బాల్కనీకి చిన్న చిన్న దీపాల తీగ కట్టి, పెళ్లికి బహుమతిగా వచ్చిన గ్లాసుల సెట్టు మొదటిసారి తీసి తుడిచి పెట్టుకున్నాను. వాటిలో ఒక్కటి కూడా పగల్లేదని పొద్దున్నుంచి మురిసిపోతున్నాను. కోదండపాణి గారు బాల్కనీని తిరస్కరించారు.

"మీ ఇంట్లో మీ పరీక్షా? దాన్ని సెల్ఫ్ సెంటర్ అంటారు. నా హయాంలో అది జరగనివ్వను. కమ్యూనిటీ హాల్లో పెడదాం. మనిషికో బల్ల, బల్లకూ బల్లకూ మధ్య దూరం."

"వచ్చేది మా స్నేహితులే కదా సార్," అన్నాడు సాకేత్.

"ఇక్కడ అభ్యర్థులు బీర్లు. దిద్దేవాళ్లు మీ స్నేహితులు. ఇద్దరినీ నమ్మడానికి వీల్లేదు."

నాలుగు బీర్లకూ హాల్ టికెట్లు ఇచ్చారు. గుర్తింపు కోసం ఫొటో తప్పనిసరి అన్నారు. గోప్యత కోసం ఆ ఫొటో మీద నల్ల స్టిక్కర్ తప్పనిసరి అన్నారు. పుట్టిన తేదీ దగ్గర ఏం రాయాలని అడిగితే సీసాలో పోసిన రోజు రాయమన్నారు. తండ్రి పేరు గడిలో సాకేత్ తన పేరు రాసుకున్నాడు. రాసి నావైపు చూసి నవ్వాడు. నాకెందుకో సిగ్గేసింది.

తర్వాత మార్కుల పద్ధతి ఖరారు చేయడానికి అసోసియేషన్ ఉపసంఘం కూర్చుంది. ఉపసంఘం అంటే కోదండపాణి గారు, కోశాధికారి రత్నాకర్ గారు, పోలీసు శాఖలో పనిచేసి వచ్చిన వీరభద్రం గారు. ముగ్గురికీ తాగే అలవాటు లేదు. బీరు ఎలా ఉంటుందో ఎరగనివాళ్లే నిష్పక్షపాతంగా ఉండగలరని వాళ్లే తీర్మానించుకున్నారు.

పద్ధతి ఇలా తేలింది. రంగుకు, నురుగుకు, కప్పు శుభ్రతకు, నిండుగా పోసినదానికి, మొత్తంగా కనిపించే తీరుకు కలిపి తొంభై అయిదు మార్కులు. రుచికి అయిదు.

"అయిదేనా?" అన్నాను.

"రుచి వ్యక్తిగత విషయమమ్మా. వివాదాలకు తావిస్తుంది. కోర్టు కేసులు పడితే ఫలితాలు ఆగిపోతాయి," అన్నారు రత్నాకర్ గారు.

"ఆ అయిదు కూడా వద్దన్నాను నేను," అన్నారు వీరభద్రం గారు.

మార్కుల పద్ధతి బయటికి రాగానే రత్నాకర్ గారి భార్య అనసూయ గారు తమ ఫ్లాట్‌లో కోచింగ్ మొదలుపెట్టారు. ఎంట్రన్స్ పరీక్షలకు లెక్కలు చెప్పిన అనుభవం ఆవిడకుంది. బీరు వాసన పడదు. మా స్నేహితులు ఎనిమిది మందిలో ఏడుగురు చేరిపోయారు. ఎందుకు చేరారని అడిగితే, పక్కవాళ్లు చేరారని ప్రతివాళ్లూ చెప్పారు.

ఒకరోజు నేనూ వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. బోర్డు మీద గ్లాసు బొమ్మ వేసి ఉంది.

"రుచి చాప్టర్ వదిలేయండి, అయిదు మార్కులదే, టైమ్ తినేస్తుంది," అంటున్నారు అనసూయ గారు. "నురుగు కనిపించిందా, ఫుల్ మార్కులు. కనిపించలేదా, ఉండి పోయిందని రాసి ఫుల్ మార్కులు. మార్కు తగ్గిస్తే కారణం రాయాలి. ఫుల్ వేస్తే ఎవరూ అడగరు. గుర్తుపెట్టుకోండి, వెయ్యడమే తేలిక."

"మేడమ్, మరి బీరు తాగాలా?" అని అడిగింది మాళవిక. మాళవిక నా కాలేజీ స్నేహితురాలు, చదువుకున్న రోజులన్నీ ఫస్టే.

"చివర్లో టైమ్ మిగిలితే."

అందరూ రాసుకున్నారు.

కోచింగ్‌లో చేరనిది భార్గవ్ ఒక్కడే. వాడు సాకేత్ చిన్ననాటి స్నేహితుడు. వాసన చూసి ఏ బీరులో ఏముందో చెప్పేస్తాడు. "తాగడానికి ట్యూషన్ ఏందిరా, మీ అపార్ట్‌మెంట్‌కు ఎండదెబ్బ తగిలినట్టుంది," అన్నాడు ఫోన్‌లో. సాకేత్ ఆశలన్నీ వాడి నాలుక మీదే పెట్టుకున్నాడు. "అందరూ ఫుల్ వేసినా పర్లేదు హరిణీ. భార్గవ్ నిజం రాస్తాడు. ఒక్క మార్కు తేడా వచ్చినా చాలు," అన్నాడు.

సీసాలను ముందురోజే స్వాధీనం చేసుకున్నారు. స్ట్రాంగ్ రూమ్‌గా కరెంటు మీటర్ల గదిని ఎంపిక చేశారు. తాళం గట్టిదని చెప్పారు. ఆ గది మే నెలలో కొలిమిలా ఉంటుంది.

"సార్, ఇవి చల్లగా ఉండాలి. వేడెక్కితే అన్నీ ఒక్కలాగే ఉంటాయి," అన్నాడు సాకేత్.

"మంచిదే కదా. అభ్యర్థులందరికీ సమాన అవకాశం," అన్నారు కోదండపాణి గారు, తాళం మీద లక్క పోస్తూ.

ఆదివారం ఉదయం హాలు బయట తనిఖీ మొదలైంది. సెంటు పూసుకున్నవాళ్లను కడుక్కురమ్మన్నారు. నేను చేసి పట్టుకెళ్లిన ఉప్పు పల్లీలను ప్లేటుతో సహా పక్కన పెట్టించారు. గుక్కకూ గుక్కకూ మధ్య నోరు శుభ్రం కావడానికని చెబితే, "చిట్టీలు పెట్టుకున్నవాళ్లూ ఏదో ఒకటి చెబుతారమ్మా," అన్నారు వీరభద్రం గారు. నేను నాలుగడుగులు వేశానో లేదో ఆయన చెవులు రిక్కించారు.

"ఆ చప్పుడేంటి?"

"మెట్టెలండీ. కొత్తవి కదా, కాస్త మోగుతాయి."

నిజానికి ఆ చప్పుడు వినడానికే నేను ఇంట్లో పాలరాతి మీద అటూ ఇటూ ఊరికే నడుస్తుంటాను. ఆయన మాత్రం గంభీరంగా కోదండపాణి గారి వైపు చూశారు. రెండుసార్లు మోగితే రెండో నంబరు, మూడుసార్లు మోగితే మూడో నంబరు అని సంకేతం ఇచ్చే ప్రమాదం ఉందని ఇద్దరూ ఒక అవగాహనకు వచ్చారు. పరీక్ష జరిగినంతసేపూ నన్ను హాలు మూలన, కాళ్లు దిండు మీద పెట్టించి కూర్చోబెట్టారు.

గేటు మూసిన నిమిషానికి భార్గవ్ వచ్చాడు.

"పంతులు గారూ, ట్రాఫిక్. ఒక్క నిమిషం."

"నిమిషం ఆలస్యమైనా అనుమతించబడదు," అన్నారు కోదండపాణి గారు. "మార్గదర్శకాల్లో స్పష్టంగా పొందుపరచబడింది."

"బీరు ఎక్కడికీ పోదు గదండీ."

"క్రమశిక్షణ పోతుంది బాబూ."

భార్గవ్ గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల అమ్మకు ఫోన్ చేయాలా అని వాచ్‌మన్ వాడిని ఓదార్పుగా అడిగాడు. ఇదివరకు కాలేజీ గేటు కాసిన ఆయనకు పరీక్షల రోజుల్లో అలా అడగడం అలవాటు. కిటికీలోంచి అది చూసిన సాకేత్ మొహంలో రంగు పోయింది.

గంట మోగింది. కాగితపు కప్పుల్లో నాలుగు బీర్లూ వచ్చాయి, కాఫీ తాగే వేడిలో. నురుగు ఏనాడో పోయింది. గంట కొడితేనే గుక్క వేయాలి. అదనపు గుక్క కావాలంటే చెయ్యెత్తాలి, ఇన్విజిలేటర్ వచ్చి సంతకం పెట్టాలి. ఎవరూ చెయ్యెత్తలేదు. ఏడు తలలు వంగి రాసుకుంటూ పోయాయి. మాళవిక స్కేలు పెట్టి మార్జిన్ కూడా గీసింది.

బయటికి రాగానే దాని చెయ్యి పట్టుకున్నాను. "ఏది బాగుందే?"

"బాగుండడమేంటే. నేను టైమ్ మేనేజ్‌మెంట్ చూసుకున్నా. అన్నీ కవర్ చేశా, రివిజన్ కూడా అయింది."

"తాగావా?"

"ఒకటి తాగా అనుకుంటా. మిగతావి ఛాయిస్‌లో వదిలేశా."

మధ్యాహ్నానికి ఫలితాలు వచ్చాయి. నాలుగు బీర్లకూ నూటికి నూరు. ఏడుగురూ అంతే వేశారు. అనసూయ గారు అప్పటికే గేటుకు ఫ్లెక్సీ కట్టించారు. '1, 2, 3, 4. అన్ని ర్యాంకులూ మావే' అని ఉంది దాని మీద. పక్కన నాలుగు నల్ల స్టిక్కర్ల ఫొటోలు.

"అందరికీ సమాన మార్కులు కదా, మరి ర్యాంకులెలా వచ్చాయి సార్?" అని అడిగాడు సాకేత్.

"సమాన మార్కులు వస్తే వయసులో పెద్దవారికి ముందు ర్యాంకు. అన్ని ఎంట్రన్సుల్లోనూ ఇదే నియమం," అని హాల్ టికెట్లు పరిచారు కోదండపాణి గారు. "వానాకాలంలో పుట్టిన అల్లం, ఫస్టు ర్యాంకు. దసరా బెల్లం రెండు. చలికాలపు కాఫీ మూడు. మామిడి చిన్నవాడు. నాలుగు."

"ఇది ర్యాంకుల వరస కాదు సార్, క్యాలెండర్. బీరు ఎంత తాజాగా ఉంటే అంత మంచిది."

"పెద్దలను గౌరవించడం నేర్చుకోవాలి బాబూ, బీరైనా సరే."

సాకేత్ వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఎండ గచ్చు మీద తెల్లగా మండుతోంది. ఈ ఎండలో జనం వచ్చి జయరాజ్ అన్న దగ్గర వేడి పుట్టించే అల్లం బీరు తాగబోతున్నారు. సాయంత్రం ఆయన వచ్చి ఏమన్నారని అడిగితే తను నాలుగో ర్యాంకు అని చెప్పాలి. తన అరచేతుల మీద మామిడి జీడి కాల్చిన మచ్చలు ఇంకా మానలేదు. ఆ మచ్చలు చూస్తుంటే నాకు కోపం వచ్చింది. పెళ్లయ్యాక వచ్చిన మొదటి కోపం. అది కూడా కొత్తగా, బాగానే అనిపించింది.

లేచి సరాసరి అసోసియేషన్ ఆఫీసుకు వెళ్లాను.

"రీవాల్యుయేషన్ కావాలండీ. నాలుగో ర్యాంకు అభ్యర్థికి."

కోదండపాణి గారి ముఖం వెలిగింది. అంతవరకూ ఏదో వెలితిగా ఉందని ఆయనకే అనిపిస్తోందట. "ఆ సౌకర్యం ఉందమ్మా. కానీ పాత ఎగ్జామినర్లు పనికిరారు. అనుభవజ్ఞులు దిద్దాలి."

"మీ ముగ్గురే దిద్దండి."

"మాకు అలవాటు లేదే."

"అందుకే కదండీ నిష్పక్షపాతంగా ఉంటారు."

వాళ్ల మాటే కావడంతో వాళ్లకు తోసిపుచ్చడం కుదరలేదు. సీసాలను కాసేపు ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టవచ్చా అని అడిగాను. పరీక్షకు ముందు చల్లదనం నిషిద్ధమేగాని, పరీక్ష తర్వాత నిషిద్ధమని మార్గదర్శకాల్లో ఎక్కడా లేదని ఆయన పేజీలు తిప్పి చూసి ఒప్పుకున్నారు. మామిడివి మిగిలిన సీసాలన్నీ మీటర్ల గదిలోంచి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు. మిగతా మూడింటి సీలు ముట్టుకోలేదు, వాటికి దరఖాస్తు రాలేదు కాబట్టి.

ఎండ చల్లబడ్డాక దిద్దకం మొదలైంది. ఆఫీసు తలుపు వేసుకున్నారు. మేం బయట బల్ల మీద కూర్చున్నాం. గేటు దగ్గరే నిలబడిపోయిన భార్గవ్ కూడా వచ్చి చేరాడు. లోపలి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"రుచికి అయిదుకు మూడు," అన్నది కోదండపాణి గారి గొంతు.

"నేను నాలుగు వేస్తాను," అన్నారు రత్నాకర్ గారు.

"తేడా వచ్చింది. నియమం ప్రకారం మూడో దిద్దకం తప్పదు. వీరభద్రం గారూ, కానివ్వండి."

కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఉప్పు ఉందా ఇందులో?" అన్నారు వీరభద్రం గారు.

"ఉందనే అనుకుంటున్నాను."

"అనుకుంటే ఎలా సార్. ఖాయం చేసుకోవాలి. ఇంకొంచెం పోయండి."

మూడో దిద్దకానికీ మొదటి దిద్దకానికీ పొత్తు కుదరలేదు. మళ్లీ మొదటి నుంచి దిద్దారు. ఈసారి రత్నాకర్ గారు తన మార్కులు తానే ఒప్పుకోలేదు. పులుపు ముందు వస్తోందా, ఉప్పు ముందు వస్తోందా అనే దాని మీద చర్చ జరిగింది. ఇంకో సీసా మూత చప్పుడైంది. తర్వాత మార్కుల ప్రస్తావన తగ్గింది. వీరభద్రం గారు ఏదో పాట కూనిరాగం తీశారు. కోదండపాణి గారు పల్లవి సరిచేశారు.

భార్గవ్ ఆత్రంగా తలుపు వైపు చూశాడు. "అరేయ్ సాకేత్, నాకు మిగుల్తదా?"

అప్పుడే జయరాజ్ అన్న వచ్చారు. సాకేత్ లేచి నిలబడ్డాడు.

"అన్నా, మామిడికి నాలుగో ర్యాంకు వచ్చింది," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఎన్నిట్ల?"

"నాలుగిట్ల."

జయరాజ్ అన్న ఏదో అనబోయేలోగా ఆఫీసు తలుపు తెరుచుకుంది. ముగ్గురూ బారుగా బయటికొచ్చారు. కోదండపాణి గారి చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఆయన మీసం మీద నురుగు ఉంది.

"రీవాల్యుయేషన్ పూర్తయింది," అన్నారాయన. "నిశితంగా, క్షుణ్ణంగా పరిశీలించిన మీదట... మార్కుల్లో మార్పు లేదు."

జయరాజ్ అన్న ఆయన భుజం మీంచి లోపలికి తొంగి చూశారు. బల్ల మీద ఖాళీ సీసాలు వరసగా ఉన్నాయి.

"ఇవన్ని ఎవరు ఖాళీ చేసిండ్రు?"

"ఖాళీ చేయలేదు. దిద్దాం," అన్నారు రత్నాకర్ గారు.

"మీరు రోజూ తాగుతరా?"

"ఛ, మా ముగ్గురికీ అలవాటే లేదు."

"మరి ఫస్టు ర్యాంకుది ఏడుంది?"

"మీటర్ల గదిలో. సీలు వేసినది వేసినట్టే ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు."

జయరాజ్ అన్న సీసాల వైపు చూశారు, నురుగు మీసం వైపు చూశారు. నెమ్మదిగా సాకేత్ భుజం మీద చెయ్యి వేశారు.

"తమ్మీ, రేపు పొద్దుగాల తొందరగ రా. ట్యాంకు కడుగు. మామిడికాయలు నేను తెస్త."

సాకేత్ నావైపు చూశాడు. నేను దిండు లేకుండా, అనుమతి లేకుండా, మెట్టెలు మోగేలా పరుగెత్తుకెళ్లి అందరి ముందే తన చెయ్యి పట్టుకున్నాను.

"ఆగండి," అన్నారు కోదండపాణి గారు, తలుపు రెక్క ఆసరా చేసుకుని. "అలా నేరుగా సీటు కేటాయించడం కుదరదు. కౌన్సెలింగ్ జరగాలి. రేపు సాయంత్రం, ఇదే ఆఫీసులో. నాలుగో ర్యాంకు అభ్యర్థి స్వయంగా హాజరు కావాలి."

"మిగతా ముగ్గురు రావద్దా సార్?" అని అడిగాను.

"వాళ్లకు తర్వాత చూద్దాం." ఆయన ఒకసారి వెనక్కి తిరిగి ఖాళీ సీసాలను చూసుకున్నారు. మళ్లీ నావైపు తిరిగినప్పుడు ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. "ఒరిజినల్‌తో పాటు మూడు సెట్లు తీసుకురామ్మా. ముగ్గురం అటెస్ట్ చేయాలి. ముందే ఫ్రిజ్‌లో పెట్టించు."